ఐర్లండ్ పాతకాలపు సొలిసిటర్లు: మనవాళ్ల అపోహలు - వాస్తవాలు

నేను డబ్లిన్‌లో కన్వేయన్సింగ్ చేస్తా, అంటే ఇళ్లూ పొలాలూ చేతులు మారేటప్పుడు టైటిల్, అంటే ఆస్తి మీద హక్కు ఎవరిదో చూసే పని. 1950లూ 60ల నాటి కాగితాలు రోజూ చేతిలో పడుతుంటాయి కాబట్టి ఆ కాలం సొలిసిటర్ల (క్లయింట్ల కాగితాలూ డబ్బూ చూసుకునే లాయర్లు, పెద్ద కోర్టుల్లో ఎక్కువగా వాదించేది బారిస్టర్లు) గోల కూడా కొంత తెలిసింది. ఇక్కడికొచ్చిన మన లాయర్ ఫ్రెండ్స్ మాత్రం "అప్పట్లో అయితే ప్రొఫెషన్ ఎంత హాయిగా ఉండేదో" అంటుంటారు. హాయా పాడా, అప్పుడే అన్నీ నెత్తి మీదికొచ్చాయి.

అపోహ: తప్పు చేసిన సొలిసిటర్‌ని మొదట్నుంచీ లా సొసైటీయే (సొలిసిటర్ల సంఘం) పీకేస్తుంది.

పీకేది హైకోర్టు. అలా ఎందుకయ్యిందనేదే ఆ కాలంలో అన్నిటికన్నా పెద్ద వార్త. 1954 సొలిసిటర్స్ యాక్ట్‌లో పాత 1898 చట్టాన్ని పక్కన పెట్టి, లా సొసైటీ డిసిప్లినరీ కమిటీకే రోల్ (సొలిసిటర్ల జాబితా) నుంచి పేరు కొట్టేసే పవర్ ఇచ్చారు, మా వాళ్లని మేమే చూసుకుంటాం అన్నమాట. కమిటీ ఇద్దరి పేర్లు కొట్టేసింది, వాళ్లు ఊరుకుంటారా, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1958లో తీర్పొచ్చింది, రాసింది జస్టిస్ కింగ్స్‌మిల్ మూర్. ఒక మనిషి బతుకుతెరువూ పరువూ ఒకేసారి పోయే శిక్ష ఇది, కొన్నిసార్లు జైలుకన్నా కూడా ఘోరం, ఇంత పెద్ద నిర్ణయం అంటే న్యాయం చెప్పడమే, ఆ పని కోర్టుల్లో జడ్జీలే చెయ్యాలని ఐరిష్ రాజ్యాంగం 34వ ఆర్టికల్ చెబుతోంది కదా అన్నారు. 37వ ఆర్టికల్ కింద కోర్టు కానివాళ్లకి కూడా 'పరిమితమైన' పవర్స్ ఇవ్వొచ్చు గానీ జీవనాధారం తీసేసేది పరిమితం ఎలా అవుతుంది? అంతే, చట్టం వచ్చిన నాలుగేళ్లకే అందులో అసలైన ముక్క ఎగిరిపోయింది. 1960లో సవరణ చట్టం తెచ్చి, కమిటీ విచారణ చేసి రిపోర్ట్ ఇవ్వాలి, పేరు కొట్టేసేది హైకోర్టే అని మార్చారు.

మన దగ్గర చూడండి, 1961 అడ్వొకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 కింద స్టేట్ బార్ కౌన్సిల్ కమిటీయే లాయర్ పేరు తీసెయ్యొచ్చు, కోర్టు గడప తొక్కేది అప్పీల్‌కే. రెండు దేశాలూ దాదాపు ఒకే టైంలో చెరో దారి పట్టాయి, నాకైతే ఐరిష్ దారే నచ్చుతుంది, ఎవరి కేస్ వాళ్ల పోటీదారులే తేల్చడం నాకు ఎప్పుడూ మింగుడు పడదు.

అపోహ: ఆ రోజుల్లో అంతా నమ్మకం మీదే నడిచేది, క్లయింట్ డబ్బుకి రూల్స్ ఏంటి?

ఊళ్లో పొలం అమ్మిన డబ్బు, పోయినాయన ఎస్టేట్ డబ్బు, అన్నీ సొలిసిటర్ చేతి మీదుగానే కదా వెళ్లేది, నమ్మకం సరిపోతే 1954 చట్టం అవసరమే ఉండేది కాదు. దాని కింద 1955లో అకౌంట్స్ రెగ్యులేషన్స్ వచ్చాయి, క్లయింట్ డబ్బు వేరే బ్యాంక్ అకౌంట్‌లో పెట్టాలి, లెక్కల పుస్తకాలు సరిగ్గా రాయాలి. దాంతోపాటు కాంపెన్సేషన్ ఫండ్, ఒక సొలిసిటర్ డబ్బు తినేస్తే మోసపోయిన క్లయింట్‌కి అందులోంచి ఇస్తారు, ఆ ఫండ్‌కి డబ్బు కట్టేది మిగతా సొలిసిటర్లు. ఎవడో తింటే మేమెందుకు కట్టాలి అని ఒళ్లు మండడం సహజమే, కానీ ఒక్కడు దొంగైతే ఊరంతా అందరి వైపూ అనుమానంగానే చూస్తుంది మరి. ఇంకోటి, ఇది మోసానికి మాత్రమే, పని సరిగ్గా చెయ్యకపోతే అది వేరే లెక్క.

అపోహ: రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో ఎక్కితే టైటిల్ గ్యారంటీ.

ఇది మనవాళ్లకి ఇట్టే అర్థమవ్వాలి, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా రిజిస్టర్ అయ్యేది డాక్యుమెంటే గానీ హక్కు కాదు. 1708 నుంచి నడుస్తున్న ఆ రిజిస్ట్రీ, ఏ దస్తావేజు ముందు ఎక్కిందో చెబుతుందంతే. గ్యారంటీ ఇచ్చేది ల్యాండ్ రిజిస్ట్రీ, అది 1891 చట్టంతో వచ్చింది, ప్రభుత్వ స్కీముల కింద రైతులు కొన్న భూములన్నీ అందులో తప్పనిసరిగా ఎక్కించారు. అయితే చాలా ఫోలియోల్లో (ఒక్కో భూమికి ఆ రిజిస్ట్రీలో ఉండే పేజీ) 'సబ్జెక్ట్ టు ఈక్విటీస్' అని ఒక నోట్ ఉండేది, అంటే వెనక ఇంకెవరికైనా హక్కులుంటే అవి అలాగే ఉంటాయని. పైగా తండ్రి పోయాక కొడుకు దున్నుకుంటూనే ఉంటాడు, ఫోలియోలో పేరు మాత్రం తండ్రిదో తాతదో. అమ్మకానికి వచ్చినప్పుడు సొలిసిటర్ రెండు తరాల చావులూ వీలునామాలూ తవ్వాలి, తవ్వుదామంటే 1922 జూన్‌లో అంతర్యుద్ధంలో ఫోర్ కోర్ట్స్ అనే డబ్లిన్ కోర్టుల భవనంలో జరిగిన పేలుళ్లలో పబ్లిక్ రికార్డ్ ఆఫీసే కాలిపోయింది, పాత వీలునామాలు దాదాపు అన్నీ అందులోనే పోయాయి. డీడ్స్ రిజిస్ట్రీ హెన్రియెట్టా స్ట్రీట్‌లో ఉంది కాబట్టి బతికిపోయింది.

అపోహ: సొలిసిటర్లు కోర్టులో నోరు విప్పకూడదు.

డిస్ట్రిక్ట్, సర్క్యూట్ కోర్టుల్లో వాదించేవాళ్లు, డిస్ట్రిక్ట్ జస్టిస్ కూడా అవ్వొచ్చు. పై కోర్టుల్లో వాదించే హక్కు 1971లో వచ్చింది, హైకోర్టు జడ్జి కుర్చీ దాకా వెళ్లడానికి 2002 దాకా ఆగాల్సొచ్చింది. అన్నట్టు మన వి.వి. గిరి గారు డబ్లిన్‌లో చదివింది సొలిసిటర్ చదువు కాదు, కింగ్స్ ఇన్స్‌లో బారిస్టర్ చదువు, చాలామంది కలిపేస్తుంటారు.

అపోహ: ఆడవాళ్లు ఈ మధ్యే వచ్చారు.

1923లోనే మేరీ డొరొథియా హెరాన్, హెలెనా ఎర్లీ సొలిసిటర్లయ్యారు. కాకపోతే లా సొసైటీకి ఒక మహిళ ప్రెసిడెంట్ అయ్యేసరికి 1980 వచ్చింది, మొయా క్విన్లన్.

అపోహ: పేదవాళ్లకి ప్రభుత్వమే లాయర్‌ని పెట్టేది.

పక్కన ఇంగ్లండ్‌లో 1949లోనే లీగల్ ఎయిడ్ చట్టం వచ్చింది గానీ ఇక్కడ క్రిమినల్ కేసులకి 1962లో చట్టం చేసి 1965లో అమలు చేశారు. సివిల్ కేసులకి అదీ లేదు, కార్క్‌కి చెందిన జోసీ ఎయిరీ భర్త నుంచి విడిగా ఉండడానికి కోర్టుకెళ్దామంటే లాయర్ ఖర్చు భరించలేక స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లి 1979లో గెలిచేదాకా.