కుక్క తోక కింద రెండు కోన్లు

"స్నానం చేయించిన ప్రతిసారీ కుక్కకు ఆనల్ గ్లాండ్స్ పిండాలా?" ఇంట్లోనే గ్రూమింగ్ చేసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అక్కడ చెయ్యే పెట్టక్కర్లేదు. ఆ పని రోజూ దాని మలమే చేసిపెడుతుంది.

పేరు దగ్గరే ఒక తికమక ఉంది. మనం గ్లాండ్స్ (గ్రంథులు) అంటున్నవి నిజానికి రెండు సంచులు. మలద్వారాన్ని గడియారం అనుకుంటే 4 దగ్గర ఒకటి, 8 దగ్గర ఒకటి ఉంటాయి. చిన్న కుక్కల్లో బఠాణీ గింజంత, పెద్దవాటిలో ద్రాక్షపండంత. గ్రంథులు ఉండేది ఆ సంచుల గోడల్లో. కొన్ని జిడ్డును, కొన్ని పలచటి స్రావాన్ని ఊరిస్తాయి. అదంతా సంచిలో చేరి, అక్కడి బాక్టీరియాతో పులుస్తుంది. ఊరించేది వేరు, నిలవచేసేది వేరు అన్న ఈ ఒక్క ముక్క గ్రూమింగ్ పాఠాల్లో ముందే చెబితే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. కుక్కలు ఒకదాని వెనక ఒకటి వాసన చూసుకునేది చాలావరకు ఈ ద్రవం కోసమే. తిరుమల శ్రీవారి సేవలో వాడే పునుగుతో దీన్ని కలపకూడదు. పునుగు పిల్లిలో పునుగు ఊరే గ్రంథి మర్మావయవాల దగ్గర వేరే ఉంటుంది. ఆనల్ సంచులు దానికి విడిగా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. గోరింటాకు కోన్ పట్టుకున్న ఎవరికైనా ఈ సంచి పనితీరు సగం తెలిసినట్టే. సంచి కోన్ అయితే, మలద్వారం అంచున తెరుచుకునే సన్నటి నాళం దాని మొన. కోన్‌ని నొక్కే చేతులు రెండు. లోపలి వైపు ఒక వలయకండరం, బయటి వైపు ఇంకొకటి. సంచి ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. గట్టి మలం దిగేటప్పుడు లోపలి గోడను బయటికి నెడుతుంది, బయటి కండరం బిగుసుకుని ఎదురొత్తుతుంది. రెండరచేతుల మధ్య కోన్ పడ్డట్టే. ఒకట్రెండు చుక్కలు మొనలోంచి వచ్చి మలానికి అంటుకుంటాయి. మలం మెత్తబడితే లోపలి చెయ్యి లేనట్టే. నాలుగు రోజుల విరేచనాల తర్వాత సంచులు నిండిపోవడానికి కారణం ఇదే. కుక్క హడలిపోయినప్పుడు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని మొత్తం బయటికొచ్చేస్తుంది. అది జబ్బు కాదు.

కోన్ చెడిపోయే తీరులన్నీ సంచికీ ఉన్నాయి. మొన ఎండితే మూసుకుపోతుంది. లోపలి ముద్ద చిక్కబడితే కదలదు. మొన దగ్గర నొక్కితే ముద్ద వెనక్కి పోతుంది. మొండిగా నొక్కితే కోన్ అతుకు దగ్గర చిట్లుతుంది. కోన్‌కి లేని తిప్పలు ఇంకో రెండున్నాయి. ఖాళీ చేసిన సంచి మళ్లీ తనే నిండుతుంది. నొక్కిన కొద్దీ దాని మొన వాస్తుంది.

ఆ వాపు ఎంత పని చేస్తుందో భౌతికశాస్త్రం లెక్కగట్టి చెబుతుంది. సన్నటి గొట్టంలో నిదానంగా పారే ద్రవ ప్రవాహం ఒత్తిడికి అనులోమంగా, చిక్కదనానికి విలోమంగా ఉంటుంది. గొట్టం వ్యాసార్థానికి మాత్రం ఏకంగా నాలుగో ఘాతంతో ముడిపడి ఉంటుంది. చిక్కదనం రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. నాళం వాచి వ్యాసార్థం సగమైతే పదహారో వంతుకు పడిపోతుంది. మునుపటంత ద్రవం రావాలంటే పదహారు రెట్లు నొక్కాలి. ముద్దగా మారిన స్రావంతో ఇంకా కష్టం, కొంత ఒత్తిడి దాటేదాకా అది అసలు కదలదు. అవసరం లేకుండా పిండితే నాళం వాస్తుంది, వాస్తే సహజంగా ఖాళీ కాదు, కాకపోతే మళ్లీ పిండాలి. 'ప్రతి స్నానానికీ ఒకసారి' అన్న అలవాటుకు నేను గట్టిగా అడ్డుచెప్పేది ఇందుకే.

మరి ఎప్పుడు పిండాలి? కుక్క పిర్రల మీద దేకుతుంటే, తోక మొదలును పదేపదే నాకుతుంటే, చేపల వాసన వదలకపోతే. దేకుతోందంటే మనవాళ్లు వెంటనే 'తీపి పెట్టారు, పురుగులు పడ్డాయి' అంటారు. తీపికి పురుగులు పుట్టవు. ఒంటి మీది ఫ్లీలను (గెంతే చిన్న పురుగులను) నాకి మింగితే బద్దెపురుగు వస్తుంది, దాని ముక్కలు తోక చుట్టూ బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. అవి కనిపిస్తే వైద్యం వేరు. నిన్న ట్రిమ్మర్ పెట్టి అక్కడి వెంట్రుకలు తీసుంటే, చర్మం మండి కూడా దేకవచ్చు. అలర్జీ ఉన్న కుక్కలూ దేకుతాయి.

పిండేది స్నానానికి ముందు, బాత్రూములో. ఇద్దరుండాలి, ఒకరు తల పట్టుకోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డను అయిదు నిమిషాలు అద్ది ఉంచితే ముద్ద కాస్త మెత్తబడుతుంది. గ్లవ్స్ వేసుకుని, వేళ్లకు వాసెలిన్ రాసుకుని, తోకను మొదలు దగ్గర పట్టి నిటారుగా పైకెత్తండి. సంచులు పైకి తేలతాయి. బొటనవేలు 8 దగ్గర, చూపుడువేలు 4 దగ్గర ఆనించి తడమండి. నిండిన సంచి గట్టిగా, గుండ్రంగా తగులుతుంది. తగలకపోతే పని అక్కడితో ఆపేయాలి. తగిలితే తడి దూది మడత అడ్డం పెట్టి, వేళ్లను సంచులకు వెనగ్గా, కాస్త కిందికి దించి, ముందు లోపలికి నెట్టి, తర్వాత ద్వారం వైపు పైకి దగ్గరగా తెస్తూ మెల్లగా ఒత్తాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైనుంచి చిటికెతో గిల్లినట్టు పట్టుకుంటారు. అది మొనను నొక్కడం, అలా ఏమీ రాదు. మీ ముఖం మాత్రం దానికి ఎదురుగా ఉండకూడదు, చిమ్ముతుంది.

రెండు మూడు ప్రయత్నాలకు రాకపోతే వదిలేయాలి. పెద్ద కుక్కల్లో సంచులు లోతుగా ఉంటాయి, బయటినుంచి పూర్తిగా ఖాళీ కావు. వేలు లోపలికి పెట్టి పిండే పద్ధతి పశువైద్యుడిది.

దూది మీద పడ్డదాన్ని చూడండి. పసుపు నుంచి గోధుమ రంగు దాకా, పలచగా ఉంటే మామూలే. టూత్‌పేస్టులా బూడిదరంగు ముద్ద వస్తే అడ్డుపడినట్టు. చీము, నెత్తురు కనిపిస్తే ఇన్ఫెక్షన్. ఒక పక్క ఎర్రగా, వేడిగా ఉబ్బి, ముట్టుకుంటే కుక్క అరుస్తుంటే అది చీముగడ్డ. నొక్కకండి. పగిలితే పసుపు ముద్ద మెత్తకండి, రంధ్రం మూసుకుని చీము లోపలే నిలిచిపోతుంది. వయసు మళ్లిన కుక్కలో నొప్పిలేని గట్టి గడ్డ తగిలి, అది మామూలుకన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంటే ఆలస్యం చేయకూడదు. ఈ సంచుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ నెత్తురులో కాల్షియాన్ని పెంచుతుంది, దాహం దానివల్లే.

కొన్ని వారాల్లోనే మళ్లీ నిండుతుంటే చూడాల్సింది కంచం. పాలు పడని కుక్కకు పాలన్నం పెడితే మలం జారుగా అవుతుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన గుమ్మడికాయ, చిన్న కుక్కకు ఒక టేబుల్‌స్పూను, పెద్దదానికి మూడు నాలుగు, భోజనంలో కలపండి. లేదా ఇసబ్‌గోల్ అర టీస్పూను నుంచి రెండు టీస్పూన్ల దాకా, కుక్క పరిమాణాన్ని బట్టి, బాగా నీళ్లు పోసి నానబెట్టి పెట్టవచ్చు. నీళ్లు తక్కువైతే మలబద్ధకం తెస్తుంది. లావెక్కిన కుక్కకు ఒళ్లు తగ్గించడమూ వైద్యంలో భాగమే.

చివరికి మిగిలేది గచ్చు మీది వాసన. అందులో ట్రైమిథైలమైన్ ఉంది, పాత చేప వాసన దానిదే. చేపల పులుసులో చింతపండు చేసే పనే ఇక్కడా పనికొస్తుంది. పులుపు ఈ క్షారాన్ని ఆవిరి కాని లవణంగా మార్చేస్తుంది. ఒక పాలు వెనిగర్‌కు మూడు పాళ్లు నీళ్లు కలిపి తుడవండి. ముక్కిన వెన్న లాంటి వాసన మాత్రం చిన్న కొవ్వు ఆమ్లాలది, దానికి వంటసోడా నీళ్లు కావాలి. రెండూ కలిపి పోస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. ముందు ఒకటి పోసి కడిగేసి, తర్వాత రెండోది పోయాలి. ఇవి గచ్చుకే, కుక్క ఒంటికి కుక్కల షాంపూ చాలు.