ఫారంలో లేని గడి

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

ధాన్యం కొనుగోలు కేంద్రం కోసం మీరు స్ప్రింగ్‌లో (జావాలో వెబ్ ప్రోగ్రాములు రాసే ఫ్రేమ్‌వర్క్) రాస్తున్న ఫారంలో రైతు నింపేవి నాలుగే గళ్లు: పేరు, ఊరు, రకం, బస్తాలు. దాని వెనకున్న జావా క్లాసులో మాత్రం తేమ, ధర, చెల్లింపు అని ఇంకో మూడు సెట్టర్లు, అంటే విలువ పెట్టే మెథడ్లు, ఉన్నాయి. చిక్కంతా ఆ మూడింటితోనేనర్రా.

స్ప్రింగ్ మీ ఫారాన్ని చూడదు. రిక్వెస్టులో వచ్చిన ప్రతి పారామీటరు పేరుకూ క్లాసులో సెట్టర్ ఉందా అని వెతుకుతుంది, ఉంటే విలువ పెట్టేస్తుంది. తేమ 17 శాతం దాటితే ధాన్యం మద్దతు ధరకు తీసుకోరు. ఆ అంకె కేంద్రంలో మీటరు చెప్పాలి. కానీ స్వర్ణ 40 బస్తాలని పంపుతూ చివర తేమ 14 అని ఎవరైనా తగిలిస్తే మీ ప్రోగ్రాం నమ్మేస్తుంది. గడిని హిడెన్ చేసినా, రీడ్‌ఓన్లీ పెట్టినా ఒకటే. కర్ల్‌తో, అంటే కమాండ్ లైన్ నుంచి నేరుగా రిక్వెస్టు పంపే పనిముట్టుతో, పంపేవాడు మీ పేజీ తెరవనే తెరవడు. ఆ క్లాసు డేటాబేసు నుంచి తెచ్చిన జేపీఏ ఎంటిటీ (టేబుల్లోని వరుసకు ప్రతిరూపమైన ఆబ్జెక్టు) అయితే మరీ ప్రమాదం: మీరు సేవ్ పిలవకపోయినా, ట్రాన్సాక్షన్ ముగిసేటప్పుడు మారిన విలువ టేబుల్లోకి వెళ్లిపోగలదు.

అందుకే ఎంటిటీని ఫారానికి తగిలించకండి. ఆ నాలుగే ఉన్న వేరే క్లాసు రాసి, విలువల్ని మీ చేత్తో ఎంటిటీలోకి ఎక్కించండి. నాకు నచ్చేది ఈ దారే.

పాత కోడు కదపలేనప్పుడు, రిక్వెస్టు అందుకునే కంట్రోలర్ క్లాసులో, విలువలు ఎక్కించే ముందు నడిచే ఇనిట్‌బైండర్ మెథడ్ పెట్టి, అనుమతించే పేర్లు తీసుకునే సెట్‌అలౌడ్‌ఫీల్డ్స్‌కు ఆ నాలుగూ ఇవ్వండి. నిషేధించే పేర్లు తీసుకునే సెట్‌డిజలౌడ్‌ఫీల్డ్స్ జోలికి పోవద్దు. కాలువ తూములన్నీ మూసి ఉంచి, కావలసిన చేనుకే తెరుస్తారు కదా, ఇదీ అంతే. నిషేధాల జాబితా రాస్తే, రేపు క్లాసులో కొత్త సెట్టర్ చేరిన రోజున దాన్ని అందులో చేర్చడం ఎవరికీ గుర్తుండదు. పైగా స్ప్రింగ్ 5.3.19 కంటే ముందు ఆ జాబితాలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకునేవారు, మొదటి అక్షరం మార్చి పంపితే దాటిపోయేది. ఇంకొకటి: కంట్రోలర్ అడ్వైస్ అనే ఉమ్మడి క్లాసులో కంట్రోలర్లన్నిటికీ కలిపి నిషేధం పెట్టినా, ఏదో ఒక కంట్రోలర్ తన సొంత జాబితా పెట్టుకుంటే మొదటిది చెరిగిపోతుంది.

చుక్కలతో వచ్చే పేర్లనీ గమనించండి. ఖాతా చుక్క నంబరు అని పంపితే స్ప్రింగ్ లోపలి ఖాతా ఆబ్జెక్టులోకి దిగుతుంది, అది లేకపోతే తానే తయారు చేస్తుంది. 2022 మార్చిలో బయటపడ్డ స్ప్రింగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం ఈ దారినే వచ్చింది. దాడి చేసేవాళ్లు జావా 9, ఆపై వెర్షన్ల మీద క్లాస్, మాడ్యూల్, క్లాస్‌లోడర్ అని చుక్కలతో దిగి, టామ్‌క్యాట్ వెబ్ సర్వర్ లాగ్ సెట్టింగులు మార్చి, సర్వర్ నడిపేసే జేఎస్‌పీ ఫైలు అందులో రాయించారు. అనుమతి జాబితాలో ఏ పేరైనా సరే అనే నక్షత్రం గుర్తు వాడేముందు ఇది తలుచుకోండి.

జేసన్‌గా వచ్చే రిక్వెస్ట్‌బాడీకి ఈ జాబితా వర్తించదు, అక్కడ పని జాక్సన్ అనే జేసన్ లైబ్రరీది. దానికి వేరే క్లాసే గతి. స్ట్రట్స్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌లో అయితే సెట్టర్ మీద స్ట్రట్స్‌పారామీటర్ అనోటేషన్ ఉంటేనే విలువ తీసుకునే పద్ధతి 6.4లో వచ్చింది, 7 నుంచి అది మామూలుగానే అమల్లో ఉంటుంది.

జాబితా తోసిపుచ్చిన గడికి ఎర్రర్ రాదు, నిశ్శబ్దంగా వదిలేస్తుంది. అందుకని విలువలు ఎక్కించిన ఫలితం ఉండే బైండింగ్‌రిజల్ట్‌లో, తోసిపుచ్చిన పేర్లు చెప్పే గెట్‌సప్రెస్డ్‌ఫీల్డ్స్ తీసి లాగ్‌లో రాయించండి. తర్వాత మీరే కర్ల్‌తో తేమ, ధర, చెల్లింపు మూడూ కలిపి పంపి, టేబుల్లో ఏం పడిందో చూసి నాకు రాయండి.

మీ పెదనాన్న