పిల్లల బోర్డులో ‘హోమ్ ఫీజు’ ఉందా? అపోహలు – వాస్తవాలు

అపోహ: బెయిల్ వచ్చినా ఫీజు కడితేనే పిల్లవాణ్ణి హోమ్ (కేసులో పట్టుబడ్డ పిల్లల్ని ఉంచే చోటు) నుంచి పంపిస్తారు.

ఈ ఒక్కటీ జనం బుర్రల్లోంచి పోతే నా తలనొప్పిలో సగం పోతుంది. న్యాయ సేవాధికార సంస్థ తరఫున జువెనైల్ జస్టిస్ బోర్డులో, అంటే నేరం చేశారని ఆరోపణ ఉన్న పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను విచారించే చోట, పిల్లల కేసులు చూస్తుంటాను. వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ముందు అడిగేది కేసు సంగతి కాదు, “ఎంత కట్టాలి మేడమ్?” అని. హోమ్‌లో తిండి ఖర్చనీ, కౌన్సెలింగ్ ఫీజనీ, బోర్డు ఖర్చులనీ కోర్టు బయట టీ కొట్టు దగ్గర ఎవరి నోటికొచ్చిన పేరు వాళ్లు పెడతారు.

వాస్తవం: అలాంటి ఫీజు ఏదీ లేదు. హోమ్‌లు నడిచేది ప్రభుత్వ డబ్బుతో. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద మన రెండు రాష్ట్రాల్లోనూ కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 105వ సెక్షన్‌లో జువెనైల్ జస్టిస్ ఫండ్ అని ఒకటుంది. అందులో పడేది ఎవరైనా తమంతట తాము ఇచ్చే విరాళం. కేసులో ఇరుక్కున్న పిల్లవాడి తల్లి దగ్గర గుంజేది కాదు.

అసలు గందరగోళమంతా బాండు దగ్గర. ఆర్డరులో ‘ఇరవై వేల రూపాయల పూచీకత్తు’ అని కనబడగానే ఇరవై వేలు నగదు తేవాలనుకుంటారు. కాదండీ. అది సంతకం పెట్టే కాగితం. పిల్లవాణ్ణి వాయిదాకు తీసుకురాకుండా షరతు తప్పితే అప్పుడొస్తుంది ఆ డబ్బు ప్రస్తావన. 12వ సెక్షన్ ప్రకారం జామీను లేకుండా కూడా వదలొచ్చు, నాన్ బెయిలబుల్ కేసైనా సరే. వదిలితే నేరస్థుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో అనిపిస్తేనే ఆపుతారు. డబ్బు లేకపోవడం ఆ కారణాల్లో లేదు. పెట్టిన షరతు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే, షరతు మార్చడానికి పిల్లవాణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తేవాల్సిందే.

మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికెళ్లే ఒకావిడ కొడుక్కి సోమవారం బెయిలైతే శుక్రవారం దాకా మనిషి జాడ లేదు. ఫోన్ చేస్తే, “ఇంకా మూడు వేలు తక్కువైంది మేడమ్. కమ్మలు తాకట్టు పెట్టి తెస్తన్నా, ఈలోపు పిల్లోణ్ణి ఎటూ పంపించొద్దని చెప్పండి” అంది. ఎవరికి కట్టాలమ్మా అంటే, ఎవరో ‘తెలిసినాయన’ హోమ్ ఫీజు పదివేలన్నాడట. ఆ నాలుగు రోజులూ వాడు అన్నం సరిగా తినలేదని హోమ్‌లో చెప్పారు. ఆమె వచ్చి బాండు మీద వేలిముద్ర వేసి, కొడుకుతో బస్సెక్కడానికి ఒక్క పూట పట్టింది. ఆ తెలిసినాయన మళ్లీ కనబడలేదు, కనబడితే నాకూ రెండు మాటలు అనాలని ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఒప్పేసుకుంటే ఫైన్‌తో పోతుంది. 18వ సెక్షన్‌లో ఫైన్ ఉంది, పిల్లవాడికో తల్లిదండ్రులకో వేయొచ్చు. కానీ అది విచారణలో తప్పు తేలాక బోర్డు ముందున్న దారుల్లో ఒకటి మాత్రమే. మందలించి ఇంటికి పంపడమూ అందులోనే ఉంది. లాయరుతో మాట్లాడకుండా ఏదీ ఒప్పుకోకండి.

అపోహ: ఉచిత లాయరు కావాలంటే ఆదాయ సర్టిఫికెట్ కావాలి. పిల్లలకు అక్కర్లేదు. తండ్రి లక్షాధికారైనా పిల్లవాడికి ఉచితమే.

అపోహ: రికార్డు జీవితాంతం వెంటాడుతుంది. అప్పీలు గడువు దాటాక రికార్డు చెరిపేయాలని 24వ సెక్షన్ చెబుతోంది. పదహారు నిండినవాళ్ల ఘోర నేరాల్ని చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాళ్ల కేసులా విచారించి తేల్చినప్పుడే మినహాయింపు.

అమెరికాలో ఉన్న మా బంధువొకాయన “మీ దగ్గర బిల్లు వేయరా?” అని ఆశ్చర్యపోయాడు. అక్కడ వేసేవారు మరి, డిటెన్షన్‌లో ఉంచిన రోజులకూ, కాలికి తగిలించిన ఎలక్ట్రానిక్ పట్టీకీ. కాలిఫోర్నియా 2018 జనవరి 1 నుంచి కొత్త బిల్లులు ఆపేసింది. వాట్సాప్‌లో తిరిగే ‘కొత్త రూల్స్’ కొన్ని అక్కడి నుంచి వచ్చినవేనని నా అనుమానం.

బోర్డుకు వచ్చేటప్పుడు డబ్బు కాదు, వయసు రుజువు తెచ్చుకోండి. స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్‌గానీ పదో తరగతి సర్టిఫికెట్‌గానీ ఉంటే మంచిది. అవి లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో. ఆధార్ ఒక్కటే పట్టుకొచ్చి బయట కూర్చునేవాళ్లే ఎక్కువ. ఎవరైనా ఫీజు అడిగితే రసీదు అడగండి, లేదా అక్కడే నిలబడి న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.