గ్యాస్ డిటెక్టర్ క్యాలిబ్రేషన్: అపోహలు - వాస్తవాలు

పరవాడ అయినా పాశమైలారం అయినా, సాల్వెంట్లు వాడే యూనిట్లలో రియాక్టర్ల దగ్గర, స్టోరేజీ దగ్గర గ్యాస్ డిటెక్టర్లు బిగించి ఉంటాయి. వాటిని క్యాలిబ్రేట్ చేయడం, అంటే తెలిసిన మోతాదు గ్యాస్ పట్టి రీడింగ్ సరిచూసి సరిదిద్దడం, మా ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ల పని. మేం సిలిండర్ పట్టుకుని వచ్చామంటే ప్రొడక్షన్ వాళ్లకి విసుగు, ఎప్పుడు అలారం మోగుతుందో, ఏది ట్రిప్ అవుతుందో అని టెన్షన్. "తొందరగా కానివ్వండి" అన్న ఆ ఒత్తిడిలోంచే కింద రాసిన నమ్మకాల్లో చాలా పుట్టాయి. వాటిని మోసేవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు.

అపోహ: డిస్‌ప్లే మీద సున్నా నిలకడగా ఉంది, కాబట్టి డిటెక్టర్ బాగుంది.

చచ్చిపోయిన సెన్సార్ కూడా సున్నానే చూపిస్తుంది. ఇంకా నిలకడగా చూపిస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా లాంటి విషవాయువులకు వాడే ఎలక్ట్రోకెమికల్ సెల్, గ్యాస్ తగిలినప్పుడే కరెంట్ పుట్టిస్తుంది. సెల్ ఎండిపోతే గ్యాస్ వచ్చినా కరెంట్ రాదు. రీడింగ్‌ను ప్యానెల్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ మాత్రం హాయిగా 4 మిల్లీ ఆంపియర్లు, అంటే సున్నా అనే సిగ్నల్, పంపుతూనే ఉంటుంది. సెల్‌ను తనంతట తాను పరీక్షించుకునే మోడళ్లు ఉన్నాయి, కానీ అన్నీ అలాంటివి కావు.

మండే ఆవిర్లకు వాడే క్యాటలిటిక్ బీడ్ సంగతి వేరు. లోపల రెండు పూసలుంటాయి. ఒకటి గ్యాస్‌ను మండించి వేడెక్కుతుంది, రెండోది మండించదు. రెండింటి రెసిస్టెన్స్‌లో వచ్చే తేడానే మనం చూసే రీడింగ్. సిలికోన్ ఆవిరి తగిలితే మొదటి పూస పని మానేస్తుంది. అప్పుడు ఎంత గ్యాస్ వచ్చినా తేడా రాదు, సున్నా చక్కగా వస్తుంది. సిలికోన్ బయటి నుంచి ఎవరో తేనక్కర్లేదు. యాంటీఫోమ్‌లో ఉంటుంది, సీలెంట్‌లో ఉంటుంది, కొన్ని లూబ్రికెంట్ స్ప్రేలలో ఉంటుంది.

లూప్ క్యాలిబ్రేటర్ అనే పరికరంతో సెన్సార్ బదులు 4, 12, 20 మిల్లీ ఆంపియర్లు ఇచ్చి ప్యానెల్‌లో సరిగ్గా వచ్చిందని సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు. అది కేబుల్‌కీ ప్యానెల్‌కీ జరిగిన పరీక్ష. సెన్సార్ దాకా అది వెళ్లనే లేదు.

అపోహ: జీరో సెట్ చేసి, స్పాన్ గ్యాస్ (మోతాదు తెలిసిన గ్యాస్) పట్టి, అంకె కలిపేస్తే క్యాలిబ్రేషన్ అయిపోయింది.

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా విలువైన అంకె, స్క్రూడ్రైవర్ పాట్‌కి (రీడింగ్ సరిదిద్దే స్క్రూకి) తగలకముందు కనిపించేది. 50 శాతం ఎల్ఈఎల్ గ్యాస్ పట్టారు, డిస్‌ప్లే 31 చూపించింది అనుకుందాం. ఎల్ఈఎల్ అంటే ఆవిరి మండటానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు. అలారం 20 దగ్గర సెట్ చేసి ఉంటే, నిజంగా 32 శాతం దాకా చేరితే తప్ప ఆ డిటెక్టర్ నోరు విప్పేది కాదన్నమాట. ఎన్ని వారాలు అలా ఉందో ఎవరికీ తెలియదు. పాట్ తిప్పి 50 చేసి, రిజిస్టర్‌లో 50 అని మాత్రమే రాస్తే ఆ సమాచారం అక్కడితో పోయింది.

అందుకే సరిదిద్దే ముందు రీడింగ్, తర్వాత రీడింగ్, రెండూ రాయాలి. పట్టిన గ్యాస్‌కు రీడింగ్ ఎంతసేపట్లో ఎక్కిందో కూడా రాస్తే మంచిది. నెమ్మదిగా ఎక్కుతోందంటే ముందున్న సింటర్ ఫిల్టర్ దుమ్ముతోనో, పెయింటర్ చలవతోనో మూసుకుపోయి ఉండొచ్చు. మూడు నెలలకోసారి చేయాలా ఆరు నెలలకా అనే వాదన కూడా ఈ రెండు అంకెలతోనే తేలుతుంది. ప్రతిసారీ ముందు రీడింగ్ బాగా తగ్గి ఉంటే గడువు తగ్గించాలి. గోడకు తగిలించిన సర్టిఫికెట్ ఆ రోజు సంగతి మాత్రమే చెబుతుంది.

అపోహ: చుట్టూ ఉన్న గాలిలోనే జీరో చేయొచ్చు.

గాలి శుభ్రంగా ఉందని రూఢిగా తెలిస్తే చేయొచ్చు. సాల్వెంట్ ఏరియాలో ఆ మాట ఎవరు చెప్పగలరు? ఫ్లాంజ్ దగ్గర చిన్న లీకు ఉండి అక్కడ 6 శాతం ఎల్ఈఎల్ ఉన్నప్పుడు జీరో నొక్కితే, ఆ 6 ఇక కనిపించదు. తక్కెడలో రాయి ఉండగా ముల్లు సున్నాకి తిప్పినట్టే. జీరో ఎయిర్ సిలిండర్ వాడితే ఈ గొడవ ఉండదు. ఆక్సిజన్ సెన్సార్‌కి మాత్రం జీరో నైట్రోజన్‌తో చేస్తాం.

అపోహ: సిలిండర్ ఏదైనా ఒకటే, మీథేన్ ఉంటే చాలు.

ఇక్కడ పొరపాట్లు గుంపుగా దొరుకుతాయి. మొదటిది, మీథేన్ ఎల్ఈఎల్ పాత లెక్కలో 5 శాతం, ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) లెక్కలో 4.4 శాతం. 2.5 శాతం మీథేన్ సిలిండర్ ఒక లెక్కలో 50, మరో లెక్కలో దాదాపు 57. ఐఈసీ లెక్క పాటించే డిటెక్టర్‌ను ఆ గ్యాస్‌తో 50 అని సెట్ చేస్తే, అప్పటి నుంచి అది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. రెండోది, క్యాటలిటిక్ బీడ్‌కి మండించడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్‌లో కలిపిన మీథేన్ దానికి పనికిరాదు, గాలిలో కలిపింది ఉండాలి. మూడోది, మీథేన్‌తో సెట్ చేసిన బీడ్ టోల్యూన్ ఆవిరిని సుమారు సగమే చూపిస్తుంది. కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన ఫ్యాక్టర్ చూసి స్పాన్ పెట్టాలి. హైడ్రోజనేషన్ బ్లాక్‌లో ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్ పెట్టుకున్నవాళ్లకు ఏ ఫ్యాక్టరూ సాయం చేయదు. అది హైడ్రోజన్‌ను చూడనే చూడదు.

సిగరెట్ లైటర్‌తో "చెక్ చేసేవాళ్ల" గురించి: అది దాదాపు వట్టి బ్యూటేన్. మోతాదు మితిమీరి బీడ్ దెబ్బతింటుంది. ఆక్సిజన్ చాలక రీడింగ్ ఎక్కినట్టే ఎక్కి పడిపోనూవచ్చు. అసలు ఆ లైటర్ గేటు దాటి లోపలికెలా వచ్చిందన్నది వేరే ప్రశ్న.

అపోహ: అమ్మోనియా కూడా మండుతుంది కాబట్టి ఎల్ఈఎల్ డిటెక్టర్ చాలు.

భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకూ, కోల్డ్ స్టోరేజీలకూ ఇది చాలా ముఖ్యం. అమ్మోనియా ఎల్ఈఎల్ 15 శాతం, అంటే 1,50,000 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు). డిటెక్టర్ 10 శాతం ఎల్ఈఎల్ దగ్గర అరిచినా అప్పటికి 15,000 పీపీఎం ఉన్నట్టు. మనిషి ప్రాణానికి తక్షణ ప్రమాదమని చెప్పే స్థాయి 300 పీపీఎం. అక్కడ పీపీఎంలో కొలిచే సెన్సార్ ఉండాలి, దాని క్యాలిబ్రేషన్ అమ్మోనియా గ్యాస్‌తోనే జరగాలి.

అపోహ: ప్యానెల్‌లో ఇన్‌హిబిట్ (అలారం, ట్రిప్ పనిచేయకుండా ఆపడం) పెట్టాం, ఇక ఏ గొడవా లేదు.

పెట్టడం అందరికీ గుర్తుంటుంది, తీయడమే మరిచిపోతారు. గ్యాస్ ఆపగానే తీసేసినా తప్పే, సెన్సార్‌లో మిగిలిన గ్యాస్‌కే ట్రిప్ అవుతుంది. రీడింగ్ పూర్తిగా సున్నాకి వచ్చాక, క్యాలిబ్రేషన్ కప్పు తీశాక, అప్పుడు ఇన్‌హిబిట్ తీయాలి. ఫ్లేమ్‌ప్రూఫ్ మూత తెరిచి పాట్ తిప్పే పాత మోడల్ అయితే, పవర్ ఉండగా మూత తెరవడానికి పర్మిట్ కావాలి, ఆ చోట గ్యాస్ లేదని పోర్టబుల్ మీటర్‌తో చూసుకోవాలి. అయస్కాంతపు కడ్డీతో సెట్ చేసే మోడళ్లలో మూత తెరిచే పనే ఉండదు. కొత్తవి కొనేటప్పుడు నేను ముందు అడిగేది అదే.