ఒక్క డిగ్రీ తిప్పితే మారిపోయే ఎలక్ట్రాన్లు

గ్రాఫీన్ మాట వస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టిదని చెబుతుంటారు. నిజమే గానీ, నా దృష్టిలో దాని అసలు గొప్పతనం అందులో తిరిగే ఎలక్ట్రాన్లది.

గ్రాఫైట్‌ని పొరలుగా విడదీస్తూ పోతే చివరికి ఒక్క పరమాణువు మందంలో మిగిలే కార్బన్ పొరే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ అంటుకునే టేపుతోనే దాన్ని విడదీసి, 2010లో నోబెల్ అందుకున్నారు.

ఈ పొరలో పరమాణువులు షట్కోణాలుగా అమరి ఉంటాయి. ఆ అమరిక వల్ల ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, అచ్చం కాంతికి జరిగినట్టే. అంటే బయట ద్రవ్యరాశి ఉన్న ఎలక్ట్రాన్ ఇక్కడ అదేమీ లేనట్టు నడుచుకుంటుంది, శక్తి కాస్త పెరిగినా తగ్గినా వేగం మాత్రం సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్లే, కాంతి వేగంలో 300వ వంతు. దారిలో వోల్టేజ్‌తో అడ్డుగోడ కట్టినా, నేరుగా ఎదురొచ్చిన ఎలక్ట్రాన్ వెనక్కి తిరగకుండా దాటిపోతుంది. ట్రాన్సిస్టర్లు చేయాలనుకునేవాళ్లకి ఇదే తలనొప్పి, ఎందుకంటే కరెంటును పూర్తిగా ఆపడం కుదరదు.

అలాంటి ఎలక్ట్రాన్లను దాదాపు నిలబెట్టేసే ఉపాయం ఒకటుంది, అదీ వేరే ఏ మూలకమూ కలపకుండా! ఒక పొర మీద ఇంకో పొర పెట్టి కొంచెం తిప్పాలి. రెండు జాలీ గుడ్డలు ఒకదానిపై ఒకటి వేసి కాస్త తిప్పితే సన్న గళ్ల మీద పెద్ద గళ్లు తేలతాయి కదా, ఇక్కడా అదే జరుగుతుంది. కోణం 1.1 డిగ్రీల దగ్గర ఉంటే ఒక్కో పెద్ద గడి 13 నానోమీటర్ల దాకా ఉంటుంది, అందులో 10,000కు పైగా పరమాణువులు. పొరల మధ్య అటూ ఇటూ దూకే ఎలక్ట్రాన్ తరంగాలు ఈ కోణంలో ఒకదాని పరుగును ఇంకొకటి రద్దు చేసుకుంటాయి, వేగం సున్నాకి దగ్గరవుతుంది. భౌతిక శాస్త్రవేత్తలు బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్ 2011లోనే ఇది లెక్కగట్టి చెప్పారు.

పరుగు తగ్గాక ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణదే పైచేయి. 2018లో ఎమ్ఐటీలో పాబ్లో హరియో హెరెరో బృందం ఇలా తిప్పిన పొరల్ని బాగా చల్లబరిచి చూస్తే, ఒక గేట్ వోల్టేజ్ (పొరల్లో ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే, తగ్గించే వోల్టేజ్) దగ్గర అది కరెంటును ఆపేసింది, వోల్టేజ్ కాస్త మార్చగానే 1.7 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) దగ్గర అతివాహకమైంది, అంటే నిరోధమే లేదు. వేరే పదార్థాల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చాలంటే చాలాసార్లు కొత్త స్ఫటికమే తయారు చేసుకోవాలి, ఇక్కడ వోల్టేజ్ మారిస్తే చాలు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అతివాహకం కావాలంటే ఎలక్ట్రాన్లు జంటలు కట్టాలి. ఇక్కడ వాటిని అలా కలుపుతున్నది పరమాణువుల కంపనాలా, లేక ఆ వికర్షణేనా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తోంది.