నాలుగు గడియల తలుపు

చిన్నీకి, బుజ్జిగాడికి,

పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే సగం మూతి ఇంకెవరిదో అయిపోయినట్టు ఎందుకుందని మొన్న ఫోన్లో చిన్నీ అడిగింది కదా. "నరం మొద్దుబారుతుంది లేమ్మా" అని దాటేశాను. అది జవాబు కాదని నాకే అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో కాస్త లెక్క వస్తుంది, పారిపోకండి.

నరంలో కబురు వైర్లో కరెంటులా పోదు. నరం కణం చుట్టూ పలచని కొవ్వు పొర, బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఇవి ఛార్జి ఉన్న అయాన్లు, ఆ పొరని వాటంతటవి దాటలేవు. అక్కడక్కడ ప్రోటీన్‌తో కట్టిన సన్నటి దారులుంటాయి, వాటినే చానళ్లంటారు. సోడియం చానల్ తెరుచుకుంటే సోడియం లోపలికి వచ్చిపడుతుంది, దాంతో వోల్టేజీ పెరిగి పక్క చానళ్లు కూడా తెరుచుకుంటాయి, ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు కబురు అలా పాకిపోతుంది. పంటి డాక్టర్లు ఎక్కువగా వాడే మత్తు మందు లిగ్నోకెయిన్ ఆ సోడియం దారిలోనే అడ్డం కూర్చుంటుంది. పన్ను పీకడం పీకారు, కబురే మెదడు దాకా రాలేదు.

నాకు ముచ్చటేసేది మాత్రం దీని వెనకున్న లెక్క.

ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అని ఇద్దరు శాస్త్రవేత్తలుండేవారు. స్క్విడ్ అనే సముద్రజీవిలో అర మిల్లీమీటరు లావున్న నరం పోగు ఒకటుంది, మామూలు కంటికే కనిపిస్తుంది. 1939లో ప్లిమత్‌లో దాంట్లోకి సన్నటి గాజు గొట్టం దూర్చి వోల్టేజీ కొలిచారు, అంతలోనే యుద్ధం వచ్చిపడింది. మళ్లీ మొదలుపెట్టి 1952లో లెక్కంతా అచ్చేశారు. అప్పటికి చానల్‌ని కళ్లారా చూసినవాళ్లే లేరు. వీళ్ల చేతిలో ఉన్నవి నరంలో కరెంటు ఎలా మారిందో చూపే గీతలు, అంతే.

ఆ గీతల్లో ఒక తిక్క ఉంది. వోల్టేజీ ఒక్కసారిగా పెంచినా పొటాషియం కరెంటు వెంటనే లేవదు, కాసేపు తటపటాయించి అప్పుడు ఎగబాకుతుంది. దీన్ని లెక్కలో పెట్టడానికి వాళ్లు వేసిన ఊహ ఇది: పొటాషియం చానల్ ఒక తలుపు, దానికి నాలుగు గడియలున్నాయనుకోండి. ఒక్కో గడియ తీసి ఉండే అవకాశం పేరు ఎన్. తలుపు తెరుచుకోవాలంటే నాలుగూ తీసి ఉండాలి, అంటే నాలుగు ఎన్‌లని కలిపి గుణించాలి. నరం ఊరికే ఉన్నప్పుడు ఎన్ దాదాపు 0.32. బుజ్జిగా, గుణించి చూడు, 0.01 వస్తుంది, నూటికి ఒక్క తలుపు. అదే ఎన్ 0.9 అయితే నూటికి 66. గడియ లెక్క మూడు రెట్లు కూడా పెరగలేదు, తెరిచిన తలుపులు మాత్రం అరవై రెట్లు పైనే! మొదట్లో తటపటాయింపు, తర్వాత ఆ దూకుడు, రెండూ ఇందులోంచే వచ్చాయి. సోడియంకి త్వరగా తెరుచుకునే గడియలు మూడు, వెనకాలే నిదానంగా వచ్చి మూసేసే బిరడా ఒకటి పెట్టారు.

నాలుగే ఎందుకంటే, ఐదో ఆరో అయితే గీతకి ఇంకాస్త బాగా అతుకుతుందని వాళ్లకీ తెలుసు, ఆ కాస్త లాభానికి అంత చాకిరీ దండగ అనుకున్నారు. నాకు వాళ్లమీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఆ చాకిరీ ఎలాంటిదంటే, 1951లో కేంబ్రిడ్జి కంప్యూటరు ఆరు నెలలు మూతపడితే హక్స్‌లీ చేత్తో పిడి తిప్పే బ్రన్స్‌విగా అనే లెక్కల యంత్రం ముందు కూర్చున్నాడు. నరం వెంట పాకే ఒక్క సంకేతం లెక్క తేలడానికి మూడు వారాలు పట్టింది. సెకనుకి 18.8 మీటర్ల వేగం వచ్చింది. అసలు నరంలో కొలిస్తే 21.2.

1963లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. 1998లో మెకినన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక బాక్టీరియా పొటాషియం చానల్ రూపం పట్టుకున్నాడు. చూస్తే ఒక కన్నం చుట్టూ ఒకేలాంటి నాలుగు ముక్కలు! మన నరాల్లో వోల్టేజీకి తెరుచుకునేవీ నాలుగు ముక్కలవే. సోడియం చానల్లోనూ నాలుగు భాగాలే ఉన్నాయి.

చిన్నీ, ఇంకో పన్ను కూడా తీయాలన్నారట కదా. మందు దిగేదాకా వేడి పాలు తాగకు తల్లీ. నాలుక కాలినా తెలీదు, ఆ కబురూ అదే దారిలో రావాలి.

మీ తాతయ్య