శిక్ష ముగ్గురికే: ఖ్మేర్ రూజ్ విచారణ వెనుక నాలుగు దశాబ్దాల బేరసారాలు

కంబోడియా రాజధాని నాంఫెన్ శివార్లలోని ప్రత్యేక న్యాయస్థానం 2022 సెప్టెంబర్ 22న తన ఆఖరి తీర్పు చెప్పింది. పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు సంస్థ ఖ్మేర్ రూజ్ పాలనలో దేశాధ్యక్షుడిగా ఉన్న ఖియు సంఫాన్‌కు పడిన యావజ్జీవ శిక్షను అప్పీలులో ఖరారు చేసింది. అప్పటికి ఆయనకు 91 ఏళ్లు. 1975 ఏప్రిల్ 17కూ 1979 జనవరి 6కూ మధ్య ఆకలితో, వెట్టిచాకిరీతో, రోగాలతో, హత్యలతో సుమారు 17 లక్షల మంది ప్రాణాలు పోయిన పాలనకు సంబంధించి, 33 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసిన ఆ కోర్టు దోషులుగా తేల్చింది ముగ్గురినే. ఇది కోర్టు చేతకానితనమని తేల్చేయడం సులువు. కానీ ఎందరిని బోనెక్కించాలో, ఏ కాలానికి సంబంధించి ప్రశ్నించాలో న్యాయమూర్తులు ప్రమాణ స్వీకారం చేయకముందే దాదాపుగా ఖాయమైపోయింది.

నిజానికి తొలి విచారణకు ఆలస్యమేమీ జరగలేదు. 1979 జనవరి 7న వియత్నాం సేనలు నాంఫెన్‌లో ప్రవేశించాయి. వాటి అండతో ఏర్పడిన ప్రభుత్వం అదే ఏడాది ఆగస్టులో ప్రజా విప్లవ న్యాయస్థానాన్ని నెలకొల్పి, పోల్ పాట్‌ను, ఆయన విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీని వారి పరోక్షంలో విచారించి అయిదు రోజుల్లో మరణశిక్ష వేసింది. నిందితుల తరఫు న్యాయవాది సైతం వారిని రాక్షసులుగానే వర్ణించిన ఆ తతంగాన్ని బయటి ప్రపంచం లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ బాధితులు చెప్పిన సాక్ష్యాలు మాత్రం నిజమైనవే. సరిగ్గా మరుసటి నెలలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కంబోడియా స్థానంలో ఖ్మేర్ రూజ్ ప్రతినిధులనే కూర్చోబెడుతూ 71–35 ఓట్లతో తీర్మానించింది. వియత్నాం, దాని వెనకున్న సోవియట్ యూనియన్ బలపడకూడదన్నదే అమెరికా, చైనాల లెక్క. 1980 జులైలో ఇందిరా గాంధీ ప్రభుత్వం నాంఫెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించినా, కమ్యూనిస్టేతర దేశాల్లో అలా చేసినవి చాలా తక్కువ. 1991 అక్టోబర్‌లో పారిస్ శాంతి ఒప్పందం కుదిరినప్పుడు ఖ్మేర్ రూజ్ కూడా సంతకం చేసిన పక్షమే కాబట్టి, అందులో జాతిహననమనే మాట లేకుండా ‘గతంలోని విధానాలు, ఆచరణలు’ తిరిగి రానివ్వబోమని రాసి సరిపెట్టారు.

దేశంలోపలి లెక్కలు వేరు. దేశాన్ని దశాబ్దాల పాటు ఏలిన ప్రధాని హున్ సెన్ స్వయంగా ఖ్మేర్ రూజ్ సైన్యంలో అధికారిగా పనిచేసి 1977లో వియత్నాంకు పారిపోయిన మనిషి. ఆయన పార్టీలో అలాంటి వారు మరికొందరు ఉండేవారు. అడవుల్లో మిగిలిన దళాలను చీల్చడానికి ఆయన ఎంచుకున్న దారి లొంగిపోయిన వారికి అభయమివ్వడం. 1996లో ఇయెంగ్ సారీ తన దళాలతో బయటికి రాగా, 1979 నాటి మరణశిక్షను రద్దు చేస్తూ రాజు సిహనూక్ క్షమాభిక్ష ప్రసాదించారు. 1997 జూన్‌లో హున్ సెన్ సహా ఇద్దరు ఉమ్మడి ప్రధానులూ విచారణకు సాయం చేయమని ఐక్యరాజ్యసమితికి లేఖ రాశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పోల్ పాట్ చనిపోయాడు. అదే డిసెంబర్‌లో పోల్ పాట్ తర్వాతి స్థానంలోని నేత నువాన్ చియా, ఖియు సంఫాన్ లొంగిపోయినప్పుడు మాత్రం, గొయ్యి తవ్వి గతాన్ని పాతిపెట్టాలన్నది హున్ సెన్ మాట. లేఖ రాసిన చేతికీ ఈ మాటకూ వైరుధ్యం కనిపించవచ్చు గానీ, శత్రువు బలంగా ఉన్నంత కాలం కోర్టు ఒక ఆయుధం. బలం పోయాక అది తన సొంత మనుషుల మీదికి రాగల ప్రమాదం.

పూర్తిగా అంతర్జాతీయమైన న్యాయస్థానం కావాలని 1999లో సమితి నిపుణుల బృందం సిఫారసు చేసింది. నాంఫెన్ ఒప్పుకోలేదు. 2002 ఫిబ్రవరిలో సమితి విసిగి చర్చల నుంచి తప్పుకుంది. సర్వసభ్య సమావేశం మళ్లీ పంపించగా 2003 జూన్‌లో ఒప్పందం కుదిరింది. విచారణ ధర్మాసనంలో ముగ్గురు కంబోడియన్లు, ఇద్దరు విదేశీయులు. ఏ నిర్ణయానికైనా నలుగురు ఒప్పుకోవాలి. అంటే కంబోడియా న్యాయమూర్తులు ఒక్కటైనా కనీసం ఒక విదేశీయుడి మద్దతు లేనిదే ఎవరినీ శిక్షించలేరు, విడిచిపెట్టలేరు. పరిధి ‘అగ్రనేతలు, అత్యంత బాధ్యులు’ వరకే. కాల పరిమితి ఆ మూడు సంవత్సరాల ఎనిమిది నెలలే. దాంతో అంతకుముందు కంబోడియా పల్లెల మీద కురిసిన అమెరికన్ బాంబులూ, 1979 తర్వాత ఖ్మేర్ రూజ్‌ను పోషించిన దేశాలూ ప్రశ్నకు అందకుండా పోయాయి.

చట్టపరంగా ప్రధాన అభియోగం మానవాళిపై నేరాలే కావడానికి కారణముంది. జాతిహననం రుజువు కావాలంటే ఒక జాతి, తెగ లేదా మతానికి చెందిన సమూహాన్ని నిర్మూలించే ఉద్దేశం ఉండాలి. చనిపోయిన వారిలో అత్యధికులు చంపిన వారిలాగే దేశంలోని ప్రధాన జాతి అయిన ఖ్మేర్లు. పౌర జనాభా మీద విస్తృతంగా గానీ, పథకం ప్రకారం గానీ జరిగిన దాడిలో భాగమైన హత్యలు, నిర్మూలన, బలవంతపు తరలింపు, బానిసత్వం, బలవంతపు పెళ్లిళ్లు మానవాళిపై నేరాల కిందికి వస్తాయి. అందుకే 2018 నవంబర్ తీర్పులో జాతిహననం వియత్నామీయుల విషయంలో నువాన్ చియా, ఖియు సంఫాన్ ఇద్దరిపైనా, చామ్ తెగ ముస్లింల విషయంలో నువాన్ చియాపైనా మాత్రమే నిలబడింది.

తొలి కేసు నాంఫెన్‌లోని ఎస్-21 జైలు అధిపతి కాయింగ్ గెక్ ఇయావ్‌ది. దళంలో ఆయన పేరు డుయిక్. ఒకప్పటి హైస్కూలే ఆ జైలు. ఖైదీల ఫొటోలు తీసి, నేరాంగీకారాలు రాయించి, వాటి అంచుల్లో ఇంకా కొట్టండని ఆయన స్వయంగా రాసిన సూచనలు చెక్కుచెదరకుండా దొరికాయి. కనీసం 12,272 మంది అక్కడ చనిపోయారని కోర్టు తేల్చింది. నెలల తరబడి తప్పు ఒప్పుకుంటూ, క్షమాపణ చెబుతూ వచ్చిన ఆ మనిషి 2009 నవంబర్‌లో ముగింపు వాదనల ఆఖరి రోజున తనను విడుదల చేయమని అడిగాడు! ఆయన విదేశీ న్యాయవాది శిక్ష తగ్గింపు కోరుతూ వాదించగా, కంబోడియన్ న్యాయవాది నిర్దోషిగా వదిలేయమన్నాడు. 2010లో పడిన 35 ఏళ్ల శిక్ష 2012 ఫిబ్రవరిలో అప్పీలులో యావజ్జీవంగా మారింది.

రెండో కేసులో నలుగురు నిందితులు. ఇయెంగ్ తిరిత్ మతిమరుపు వ్యాధితో విచారణకు పనికిరాకపోగా, ఆమె భర్త ఇయెంగ్ సారీ 2013 మార్చిలో, తీర్పుకు ముందే, కన్నుమూశాడు. ముసలివాళ్లు రాలిపోతారన్న భయంతో కేసును ముక్కలు చేసి, నాంఫెన్ జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించిన ఘట్టాన్ని ముందు విచారించారు. 2014 ఆగస్టులో మిగిలిన ఇద్దరికీ, అంటే నువాన్ చియా, ఖియు సంఫాన్‌లకు, యావజ్జీవం పడింది. నువాన్ చియా 2019 ఆగస్టులో, 2018 నాటి రెండో తీర్పుపై అప్పీలు తేలకముందే చనిపోయాడు.

మూడు, నాలుగు కేసుల దగ్గర బేరం అసలు రంగు బయటపడింది. ఖ్మేర్ రూజ్ మధ్యస్థాయి అధికారులైన మియాస్ ముత్, ఆవో ఆన్, యిమ్ తిత్, ఇమ్ ఛెమ్‌లపై దర్యాప్తు సాగకూడదని హున్ సెన్ బహిరంగంగానే చెప్పేవారు. 2011 అక్టోబర్‌లో ఒక విదేశీ దర్యాప్తు న్యాయమూర్తి, మరుసటి ఏడాది ఆయన వారసుడు రాజీనామా చేశారు. ఇమ్ ఛెమ్ కోర్టు పరిధిలోకి రాదని 2017లోనే తేల్చారు. మిగతా ముగ్గురి విషయంలో విచారణకు పంపాలని విదేశీ దర్యాప్తు న్యాయమూర్తి, కొట్టేయాలని కంబోడియన్ దర్యాప్తు న్యాయమూర్తి వేర్వేరు ఉత్తర్వులిచ్చారు. అవసరమైన మెజారిటీ ఎక్కడా కూడలేదు. 2021 డిసెంబర్ నాటికి అన్ని ఫైళ్లూ విచారణ జరగకుండానే మూతపడ్డాయి.